మూడు బాటిళ్ల గ్లూకోజ్ ఎక్కించాక వచ్చిన అవ్వ: ఒక ఐవీ ఫ్లూయిడ్ కేసు

నర్సింగ్ విద్యార్థులకు, హౌస్ సర్జన్లకు ఐవీ ఫ్లూయిడ్స్, అంటే నరంలోకి ఎక్కించే సెలైన్, గ్లూకోజ్ లాంటి వాటి క్లాసు చెప్పమన్నప్పుడల్లా నేను ఈ ఒక్క కేసే చెప్తాను. ఇందులో అరుదైన జబ్బేమీ లేదు. వాంతులు, బేదులు. మే నెలలో అనంతపురంలో ఏ క్యాజువాలిటీలో నిలబడినా కనిపించే కేసే. కాకపోతే ఇందులో ఒక తప్పు ఊళ్లో జరిగింది, ఇంకొకటి నా చేతిరాతతో జరిగింది. రెండూ సెలైన్ స్టాండు దగ్గర జరిగినవే. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

మధ్యాహ్నం 2:10

కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి 108లో తీసుకొచ్చారు. 66 ఏళ్ల మనిషి, బరువు 48 కిలోలు. మూడు రోజుల కింద పెళ్లి భోజనం తిన్నది, ఆ రాత్రి నుంచే వాంతులు, నీళ్లలాంటి బేదులు. అంతకుముందు వారమంతా ఎండలో ఉపాధి హామీ పనికి వెళ్లింది. కొడుకు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే: "రేత్రి మూడు బాటిళ్లు గ్లూకోజ్ ఎక్కించినారు సార్. అయినా సత్తువ రాలేదు. తెల్లారినప్పటి నుంచి ఏందేందో మాట్లాడ్తా ఉంది, ఎప్పుడో చచ్చిపోయిన వాళ్లమ్మను పిలుస్తా ఉంది."

బీపీ మిషన్ కట్టకముందే చేయి పట్టుకుంటే సగం సంగతి తెలిసిపోయింది. బయట నిప్పులు కురిసే ఎండ, ఆమె వేళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి ఐదు సెకన్లు పట్టింది. బీపీ 80/50, పల్స్ 124. నాలుక ఎండిపోయి గరుకుగా ఉంది. ముందురోజు సాయంత్రం నుంచి మూత్రం రాలేదు. పిలిస్తే కళ్లు తెరుస్తుంది, పేరు చెప్తుంది, ఊరు పేరు మాత్రం తప్పు చెప్తుంది. వేలి మీద షుగర్ చూస్తే 168. కాబట్టి ఈ తికమక షుగర్ పడిపోవడం వల్ల కాదు.

కొడుకు సంచిలో ఖాళీ బాటిళ్లు ఉన్నాయి. పల్లె నుంచి వచ్చేవాళ్లు చాలామంది వాటిని పారేయకుండా తెస్తారు, మనమే చూడం. ఇప్పుడు మా దగ్గర చేరే విద్యార్థులకు ముందు నేర్పేది అదే: సంచి తెరిపించండి, లేబుల్ చదవండి. మూడూ అరలీటరు బాటిళ్లే, మూడింటి మీదా 5% డెక్స్‌ట్రోజ్ అనే ఉంది, జనం గ్లూకోజ్ అనేది దీన్నే. ఇంకో జేబులో బీపీ మాత్రల స్ట్రిప్ దొరికింది. అది హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, అంటే మూత్రంలో ఉప్పును బయటికి పంపే మందు. బేదులు మొదలైన తర్వాత కూడా రోజూ వేసుకుంటూనే ఉంది. పైగా "బీపీ ఉంది కదా" అని ఏడాదిగా ఉప్పు బాగా తగ్గించింది. ఈ మూడు రోజులూ తాగింది మంచినీళ్లు, ఉప్పు వేయని మజ్జిగ, చప్పటి అంబలి.

ల్యాబ్ రిపోర్టు రాకముందే సోడియం తగ్గి ఉంటుందని అనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా ముందు చూడాల్సింది బీపీ. షాక్‌లో ఉన్న మనిషికి సోడియం రిపోర్టు కోసం ఆగి కూర్చోం.

మూడు బాటిళ్లు ఎక్కడికి పోయాయి

"లీటరున్నర ఎక్కించారు కదా సార్, బీపీ ఎందుకు లేదు?" అని ఒక హౌస్ సర్జన్ అక్కడే అడిగాడు. మంచి ప్రశ్న. ఐవీ ఫ్లూయిడ్స్‌లో సగం పాఠం దానికి జవాబులోనే ఉంది.

ఈ వయసు ఆడమనిషి ఒంట్లో నీళ్లు బరువులో 45 శాతం అనుకుందాం. 48 కిలోలకు దాదాపు 22 లీటర్లు. అందులో మూడింట రెండు వంతులు కణాల లోపల ఉంటాయి. మిగిలిన ఒక వంతు బయట ఉంటుంది. ఆ బయటి ఏడు లీటర్లలో కూడా రక్తనాళాల్లో తిరిగే ప్లాస్మా నాలుగోవంతే, అంటే రెండు లీటర్లకు కాస్త తక్కువ. మనం సూదితో ఎక్కించేది ఆ చిన్న గదిలోకి. అక్కడ ఎంతసేపు నిలుస్తుందో తేల్చేది దానిలోని ఉప్పు. సోడియం కణాల బయటే ఉంటుంది, నీళ్లు దాన్ని విడిచిపెట్టి పోవు. అందుకే లీటరు నార్మల్ సెలైన్ ఎక్కిస్తే అది కణాల లోపలికి వెళ్లదు, బయటి భాగమంతా సర్దుకుని రక్తనాళాల్లో పావు లీటరు దాకా మిగులుతుంది. రింగర్ లాక్టేట్ కూడా దాదాపు అంతే.

5% డెక్స్‌ట్రోజ్ సంగతి వేరు. బాటిల్లో ఉన్నప్పుడు అది రక్తానికి సరిపోయే గాఢతలోనే ఉంటుంది, అందుకే నరంలోకి ఎక్కించగలుగుతున్నాం. లోపలికి వెళ్లాక చక్కెరను కణాలు వాడేసుకుంటాయి, మిగిలేవి ఒట్టి నీళ్లు. ఆ నీళ్లు ఒళ్లంతా పరుచుకుంటాయి. లీటరులో పన్నెండో వంతు, అంటే 80 మి.లీ. మాత్రమే రక్తనాళాల్లో ఉంటుంది. ఈమెకు రాత్రంతా ఎక్కించిన లీటరున్నరలో రక్తంలో మిగిలింది ఒక టీ గ్లాసుడు. మిగతాదంతా కణాల్లోకి, కణాల మధ్యకు పోయి సోడియాన్ని పలచన చేసింది. సూత్రం ప్రకారం లెక్క కడితే ఆ మూడు బాటిళ్లకే సోడియం లీటరుకు 8 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా పడిపోయి ఉండాలి. ఎందుకంటే ఆ సమయంలో ఆమె కిడ్నీలు నీళ్లను బయటికి వదలడం లేదు. కారణం కింద వస్తుంది.

సత్తువ సంగతి కూడా చెప్పేస్తాను. అరలీటరు 5% డెక్స్‌ట్రోజ్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, దాదాపు 100 కేలరీలు. ఒక రాగి సంగటి ముద్దలో అంతకంటే ఎక్కువే ఉంటాయి. "గ్లూకోజ్ ఒకటి ఎక్కించండి సార్, నీరసంగా ఉంది" అని అడిగేవాళ్లకు నేను ఈ లెక్క చెప్తాను. ఎవరూ నమ్మరు.

ఊళ్లో సూదేసిన ఆయన్ని తిట్టడం సులువు. రాత్రి రెండు గంటలకు ఆ పల్లెలో పిలిస్తే వచ్చింది ఆయనొక్కడే. ఆయన దగ్గర ఉన్న బాటిల్ అదే, ఆమె ఇంట్లోవాళ్లు అడిగిందీ అదే.

లైను, మొదటి గంట

ఎడమ చేతి వెనక పసుపు రంగు కాన్యులా (నరంలో పెట్టి ఉంచే సన్నటి గొట్టం), 24 నంబరు. చుట్టూ వాచి ఉంది, మందు నరంలోకి కాక చర్మం కిందికి పోతోంది. తీసేయించాను. పసుపు కాన్యులా గుండా గరిష్ఠంగా పోయేది నిమిషానికి 20 మి.లీ. చిల్లర. నీలం, అంటే 22లో 36 దాకా. గులాబీ 20లో 60 దాకా. ఆకుపచ్చ 18లో 80 నుంచి 100. పైపు వ్యాసార్థం రెండింతలైతే ప్రవాహం పదహారు రెట్లవుతుందని ఫిజిక్స్‌లో చదివినదే. పొడవు పెరిగితే ప్రవాహం తగ్గుతుంది. అందుకే షాక్‌లో పొట్టిగా, లావుగా ఉన్న కాన్యులా మోచేతి మడత దగ్గర పెడతాం. ఈమె నరాలు అణిగిపోయి ఉన్నాయి. మొదట గులాబీ దొరికింది, పది నిమిషాల తర్వాత రెండో చేతికి ఆకుపచ్చ పెట్టగలిగాం. ఆ రెండోది పెట్టేటప్పుడే, ఆ చేతికి ఇంకా ఏదీ ఎక్కించకముందే, రక్తం తీశాం. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే రిపోర్టు మనిషిది కాదు, బాటిల్‌ది వస్తుంది.

ఏ ఫ్లూయిడ్? రింగర్ లాక్టేట్ పెట్టాను. వార్డులో ఆర్‌ఎల్ అంటాం. లీటరుకు సోడియం 130, పొటాషియం 4, క్లోరైడ్ 109, లాక్టేట్ 28, కొంచెం కాల్షియం. నార్మల్ సెలైన్‌లో, అంటే ఎన్‌ఎస్‌లో, సోడియం 154, క్లోరైడ్ కూడా 154. మన రక్తంలో క్లోరైడ్ 100 చుట్టూ ఉంటుంది కాబట్టి లీటర్లకు లీటర్లు ఎన్‌ఎస్ పోస్తే క్లోరైడ్ పెరిగి రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది. బేదుల్లో ఆ ఆమ్లాన్ని తగ్గించే బైకార్బనేట్ ముందే పోయి ఉంటుంది కాబట్టి అది ఇంకా మంచిది కాదు. లాక్టేట్ కాలేయంలో బైకార్బనేట్‌గా మారుతుంది. సోడియం తక్కువ ఉందని అనుమానం ఉన్నా ఆర్‌ఎల్ తప్పేం కాదు, ఆమె రక్తంలో ఉన్నదానికంటే అందులో ఎక్కువే ఉంది. ఎన్‌ఎస్ పెట్టినా నేను వాదించేవాణ్ని కాదు. డీఎన్‌ఎస్, అంటే డెక్స్‌ట్రోజ్ కలిసిన ఎన్‌ఎస్, పెట్టి ఉంటే మాత్రం వాదించేవాణ్ని. ఆ చక్కెరంతా వేగంగా పోస్తే షుగర్ పెరుగుతుంది, దాంతో మూత్రం అనవసరంగా ఎక్కువై ఉన్న నీళ్లు కూడా పోతాయి.

బేదులతో తీవ్రంగా ఎండిపోయినవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కిలోకు 100 మి.లీ. ఏడాది దాటినవాళ్లకు మొదటి అరగంటలో కిలోకు 30, తర్వాతి రెండున్నర గంటల్లో 70. ఈమెకు అది 4.8 లీటర్లు అవుతుంది. కుర్రాడైతే కళ్లు మూసుకుని అదే పాటించేవాణ్ని. 66 ఏళ్లు, పాత బీపీ, గుండె ఎలా ఉందో తెలియదు, సోడియం మీద అనుమానం. అందుకే 500 చొప్పున ముక్కలు చేసి ఇచ్చాం, ఒక్కో ముక్క తర్వాత మంచం దగ్గరికి తిరిగి వెళ్లాం.

మొదటి 500 పదిహేను నిమిషాల్లో ఇచ్చాం: బీపీ 88/56, పల్స్ 114. ఊపిరితిత్తుల కింది భాగాల్లో చప్పుడు లేదు. కాళ్లు ఎత్తి పట్టుకుని చూస్తే బీపీ ఇంకొంచెం పెరిగింది, అంటే ఇంకా పోయడానికి చోటుంది. రెండో 500 తర్వాత 98/60. మూడోది గంటలో నిదానంగా ఇచ్చాం. 3:45 అయ్యేసరికి బీపీ 106/66, పల్స్ 98, వేళ్లు వెచ్చబడ్డాయి. "నీళ్లియ్యి నాయనా" అంది. ఊరి పేరు ఈసారి సరిగ్గా చెప్పింది. మూత్రానికి క్యాథెటర్ (గొట్టం) వేస్తే ముదురు పసుపు రంగులో 60 మి.లీ. వచ్చింది.

రిపోర్టు

సోడియం 112, పొటాషియం 2.7, బైకార్బనేట్ 17, కిడ్నీల పని తెలిపే యూరియా 84, క్రియాటినిన్ 2.1. ఈసీజీలో టీ తరంగాలు చదునుగా ఉన్నాయి, అది పొటాషియం తగ్గిన గుర్తు.

112 చూడగానే చేయి 3% సెలైన్ వైపు పోతుంది. దానిలో లీటరుకు 513 సోడియం. ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా ఆలోచించకుండా 100 నుంచి 150 మి.లీ. ఇచ్చేవాళ్లం. ఈమె రక్తం ప్రవహించడం మొదలవగానే తేరుకుంది. కాబట్టి మంచం పక్కన బాటిల్ పెట్టుకున్నాం, సీలు విప్పలేదు.

ఇక పొటాషియం. మూత్రం రాకుండా పొటాషియం పోయకూడదు అనేది అందరికీ తెలుసు, తెలియాల్సింది చేసే పద్ధతి. మన దగ్గర దొరికే కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) ఆంప్యూల్ 10 మి.లీ., దానిలో 20 మిల్లీ ఈక్వివలెంట్లు. అది సిరంజితో నేరుగా నరంలోకి పోతే గుండె ఆగుతుంది. 500 ఎన్‌ఎస్‌లో ఒక ఆంప్యూల్ కలిపి రెండు గంటల్లో ఇచ్చాం, గంటకు 10 పడేలా. వేలాడుతున్న బాటిల్లోకి సూదితో కేసీఎల్ వేస్తే అది బరువు కాబట్టి అడుగుకు దిగి మూతి దగ్గర చేరుతుంది. కలపకుండా వదిలితే మొదటి పది నిమిషాల్లోనే మందంతా పోతుంది. ఆ రోజు ఒక విద్యార్థి సరిగ్గా అలాగే వేయబోయింది. "దించమ్మా" అని బాటిల్ దింపించి, పైపు క్లాంప్ మూయించి, మందు వేసి, పదిసార్లు తలకిందులు చేయించి, మీద ఎర్ర పెన్నుతో రాయించి మళ్లీ తగిలించాం. ఇలా 4:30 నుంచి 8:30 దాకా రెండు బాటిళ్లు పోయాయి.

చుక్కల లెక్క కూడా ఇక్కడే చెప్తాను. డ్రిప్పు సెట్టు కవరు మీద 20 చుక్కలకు 1 మి.లీ. అని ఉంటే, గంటకు ఎన్ని మి.లీ. కావాలో దాన్ని 3తో భాగించండి. గంటకు 250 అంటే నిమిషానికి 83 చుక్కలు. మైక్రో సెట్టులో 60 చుక్కలకు 1 మి.లీ. కాబట్టి గంటకు ఎన్ని మి.లీ.నో నిమిషానికి అన్ని చుక్కలు. 15 చుక్కల సెట్లు కూడా వస్తాయి, అందుకే కవరు చదవకుండా చింపకండి. చుక్కలు లెక్కపెట్టి క్లాంప్ సరిచేసి వెళ్లిపోతే సరిపోదు. ఆమె మోచేయి మడిస్తే ఆగుతుంది, మంచం తల ఎత్తితే వేగం మారుతుంది, "నిదానంగా పోతాంది" అని బంధువులు చక్రం తిప్పుతారు. అరగంటకోసారి మళ్లీ లెక్కపెట్టాల్సిందే.

ఆర్డర్ రాసింది నేనే

ఎనిమిది గంటలకు రౌండుకు వెళ్లాను. బీపీ 118/70. మూత్రం వస్తోంది. అవ్వ కొడుకుతో మాట్లాడుతోంది, రెండుసార్లు ఓఆర్‌ఎస్ తాగింది. సంతోషంగా కేస్ షీట్ తీసి రాశాను: "ఎన్‌ఎస్ గంటకు 100 మి.లీ. కొనసాగించండి. ఎలక్ట్రోలైట్స్ రేపు ఉదయం."

ఈ రెండు వాక్యాలూ తప్పే. మొదటిదాంట్లో ఎప్పుడు ఆపాలో లేదు. రెండోది పన్నెండు గంటలు కళ్లకు గంతలు కట్టుకోవడం.

9:30కి డ్యూటీ సిస్టర్ ఫోన్ చేసింది. "సార్, యూరిన్ బ్యాగు ఖాళీ చేశాను, మళ్లీ నిండుతోంది." నేను అన్నది, "మంచిదే కదా సిస్టర్." పెట్టేశాను. పది నిమిషాల తర్వాత మళ్లీ ఫోన్. "సార్, అది యూరిన్‌లా లేదు. నీళ్లలా ఉంది, రంగే లేదు. చార్టు చదువుతాను వినండి." గంటగంటకూ చదివింది: 40, 120, 260, 340. ఇప్పుడు నడుస్తున్న గంటలో అప్పటికే 300 దాటింది.

అప్పుడు లేచాను.

కలరా రోగులకు నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించి చూసిన మొదటి డాక్టరుగా థామస్ లట్టా పేరు చెప్తారు. 1832లో, స్కాట్లాండులోని లీత్‌లో. ఆయన మొదటి రోగి కూడా ఒక ముసలావిడే. అరగంటలో ఆరు పింట్లు, అంటే సుమారు మూడు లీటర్లు ఎక్కిస్తే చనిపోతుందనుకున్న మనిషి లేచి మాట్లాడింది. ఆయన ఆమెను ఆసుపత్రి సర్జన్‌కు అప్పగించి వెళ్లిపోయాడు. వాంతులు, బేదులు మళ్లీ మొదలై, ఆయన వెళ్లిన ఐదున్నర గంటలకు ఆమె చనిపోయింది. సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు సిస్టర్ రెండుసార్లు చెప్పింది. తేడా అంతే.

ఆ మూత్రం ఏం చెప్తోంది

ఒంట్లో రక్తం పరిమాణం తగ్గినప్పుడు మెదడు నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ వస్తుంది. కిడ్నీలకు అది చెప్పేది ఒకటే: నీళ్లు వదలొద్దు. ఈమెకు మూడు రోజులుగా అది జోరుగా వస్తూ ఉంది. తాగిన మంచినీళ్లు, ఎక్కించిన గ్లూకోజ్ నీళ్లు బయటికి పోకుండా సోడియాన్ని పలచన చేసింది అందుకే. మనం ఆర్‌ఎల్, ఎన్‌ఎస్ పోసి రక్తం పరిమాణం నింపగానే మెదడు ఆ హార్మోన్‌ను ఆపేసింది. ఆపిన కొద్దిసేపటికే కిడ్నీలు గేట్లెత్తాయి. ఒట్టి నీళ్లు బయటికి పోతుంటే లోపల సోడియం దానంతటదే పైకి లేస్తుంది. మనం ఏమీ ఎక్కించకపోయినా లేస్తుంది.

కాగితం మీద నా లెక్క తప్పు కాదు. లీటరు ఫ్లూయిడ్ వల్ల సోడియం ఎంత పెరుగుతుందో చూడాలంటే, ఫ్లూయిడ్‌లోని సోడియం, పొటాషియం కలిపి, అందులోంచి రోగి సోడియం తీసేసి, ఒంట్లోని నీళ్ల లీటర్లకు ఒకటి కలిపి దానితో భాగించాలి. లీటరున్నర ఆర్‌ఎల్‌కు ఒకటిన్నర. 40 పొటాషియం కలిపిన లీటరు ఎన్‌ఎస్‌కు మూడున్నర. పొటాషియం కూడా సోడియాన్ని పెంచుతుందన్నది చాలామంది మర్చిపోయే సంగతి. మొత్తం 5. రాత్రికి 117 ఉండాలి. ఆ సూత్రానికి కిడ్నీలు కనబడవు. బాటిల్లోంచి లోపలికి పోయేదే దానికి తెలుసు, బ్యాగులోకి పోయేది తెలియదు.

పది గంటలకు సోడియం 121. నమ్మలేదు. డ్రిప్పు ఎక్కుతున్న చేతి నుంచే తీశారేమో అని ఆ రెండో చేతి నుంచి మళ్లీ తీయించాను. మళ్లీ 121.

ఎనిమిది గంటల్లో 9 పెరిగింది. పెరిగితే మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. సోడియం రెండు రోజులకు మించి తక్కువగా ఉంటే మెదడు కణాలు ఉబ్బిపోకుండా తమలోని లవణాలను బయటికి పంపి సర్దుకుంటాయి. అలా సర్దుకున్నాక బయట సోడియాన్ని గబగబా పెంచితే కణాల్లోంచి నీళ్లు లాగేసి, మెదడులో నాడుల తొడుగు దెబ్బతింటుంది. అది అప్పుడే కనబడదు. మనిషి బాగానే ఉండి, రెండు రోజుల నుంచి వారంలోపు మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, కాళ్లు చేతులు పడిపోవడం మొదలవుతాయి. పొటాషియం తక్కువున్నవాళ్లు, తిండి సరిగా లేనివాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు, కాలేయం చెడినవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. అలాంటివాళ్లలో 24 గంటలకు 8 దాటనివ్వం. ఈమె పొటాషియం 2.7. ఆ 24 గంటల కోటా మొత్తం రాత్రి పది గంటలకే అయిపోయింది, పైగా ఒకటి దాటింది.

ఎన్‌ఎస్ ఆపించాను. ఆ తర్వాత ఏ బాటిల్ పెట్టమన్నానో విని సిస్టర్ నా ముఖం వైపు చూసింది. "5% డెక్స్‌ట్రోజ్ సార్?" ఊళ్లో ఆమెను ఈ స్థితికి తెచ్చిందీ అదే బాటిల్. అప్పుడు ఆమెకు కావలసింది ఉప్పు, దొరికింది నీళ్లు. ఇప్పుడు పోతున్నది నీళ్లు, కాబట్టి నీళ్లే ఇవ్వాలి. నరంలోకి ఒట్టి డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, నీళ్లను సూదితో ఇవ్వడానికి మనకున్న దారి 5% డెక్స్‌ట్రోజే. కిలోకు 10 మి.లీ. లెక్కన 500 గంటలో ఇచ్చాం, షుగర్ చూసుకుంటూ. ఇంకో చీటీ రాసి కొడుకును బయట మెడికల్ షాపుకు పంపాను. డెస్మోప్రెసిన్ 2 మైక్రోగ్రాములు. అది మనం బయటి నుంచి ఇచ్చే ఏడీహెచ్ లాంటి మందు, కిడ్నీల గేట్లు మళ్లీ దించడానికి. పదకొండున్నరకు తెచ్చాడు. ఒంటిగంటకు మూత్రం గంటకు 60కి దిగింది.

ఆ ఇంజెక్షన్ ఇచ్చాక ఇంకో జాగ్రత్త ఉంది. కిడ్నీలు నీళ్లు వదలని ఆ సమయంలో నీళ్లు ఎడాపెడా తాగితే సోడియం మళ్లీ కిందికి జారుతుంది. మూత్రం తగ్గగానే డెక్స్‌ట్రోజ్ ఆపేశాం. కొడుకు పాపం ప్రేమగా కొబ్బరిబోండాలు తెచ్చి మంచం కింద పెట్టాడు. తెల్లారేదాకా వాటిని ముట్టనివ్వొద్దని సిస్టర్‌కు చెప్పాను. ఆమె వాటిని నర్సింగ్ స్టేషన్ బల్ల కింద దాచింది.

అర్ధరాత్రి సోడియం 119. తెల్లవారుజామున 4 గంటలకు 119. మర్నాడు మధ్యాహ్నం 2 గంటలకు 120. ఇరవై నాలుగు గంటలకు 8. ఆ రాత్రి నేను ఇంటికి పోలేదు.

మిగతా రోజులు

రెండో రోజు నుంచి వాంతులు లేవు, నోటితో తీసుకోగలుగుతోంది కాబట్టి డ్రిప్పు తీసేశాం. ఓఆర్‌ఎస్ నీళ్లు కొలిచి ఇచ్చాం, ఇప్పటి ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపితే సోడియం 75 ఉంటుంది. పొటాషియం సిరప్, ఉప్పేసిన మజ్జిగ. నోరు పనిచేస్తున్న మనిషికి "ఉండనీలే" అని డ్రిప్పు పెట్టి ఉంచడం నాకు నచ్చదు. నరం వాస్తుంది, ఇన్ఫెక్షన్ చేరుతుంది, మనిషి మంచం దిగదు. సోడియం మూడో రోజు 126, నాలుగో రోజు 131. క్రియాటినిన్ 1.0కి వచ్చింది. ఐదో రోజు పంపించాం. థయజైడ్ కలిసిన మాత్ర ఆపేసి మళ్లీ ఎప్పుడూ వాడొద్దని కార్డు మీద పెద్దక్షరాలతో రాసి, ఆమ్లోడిపిన్ అనే వేరే బీపీ మాత్ర ఒక్కటి ఇచ్చాం. పది రోజులకు వచ్చినప్పుడు సోడియం 136, మాటలో, నడకలో ఏ తేడా లేదు. "ఊరగాయ తినొచ్చా నాయనా?" అని అడిగింది. కొంచెం తినమన్నాను.

కేసుతో నేరుగా సంబంధం లేకపోయినా విద్యార్థులు ప్రతిసారీ అడిగే రెండు సంగతులున్నాయి. ఆర్‌ఎల్ పోతున్న లైనులో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ కలపొద్దు, కాల్షియంతో కలిసి అవక్షేపం కడుతుంది. పసిబిడ్డల్లో అది ప్రాణాంతకం. రక్తం ఎక్కుతున్న లైనులో ఆర్‌ఎల్ గానీ డెక్స్‌ట్రోజ్ గానీ కలపొద్దు. మొదటిదాంతో రక్తం గడ్డకట్టొచ్చు, రెండోదాంతో కణాలు పగులుతాయి. రక్తానికి తోడు ఎన్‌ఎస్ ఒక్కటే.

ఫ్లూయిడ్ ఆర్డర్ ఇప్పుడు నేను యాంటీబయాటిక్ రాసినట్టే రాస్తాను: ఏది, ఎంత, ఎంత వేగంతో, ఎన్ని గంటలకు ఆపాలి, ఏది చూసి నన్ను పిలవాలి. సోడియం 120 లోపు ఉన్నవాళ్లకు నాలుగు గంటలకోసారి రక్తం. మూత్రం గంటకు 100 దాటితే అర్ధరాత్రయినా ఫోన్. ఆ అంకె నా పట్టుదల కాదు, సిస్టర్ పెట్టించింది. ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులో మూత్రం గడి పక్కన పెన్నుతో ఇంకో గీత గీసి, పైన "రంగు" అని రాసింది కూడా ఆమే. ఆ వార్డులో ఇప్పుడు చార్టులన్నీ ఆ గడితోనే జిరాక్స్ అవుతున్నాయి.